మద్రాసు సీటు

"వద్దని రాసేసిందంట కనకం! మనల్ని ఒక్క మాటైనా అడక్కుండా, సీటు వద్దని ఆ కాలేజీకి రాసేసిందంట!"

చెప్పులు కూడా విప్పకుండా వంటింటి గుమ్మం దాకా వచ్చి నిలబడ్డ భర్తని చూసి కనకలక్ష్మి చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. పటమట మెయిన్ రోడ్డులో వాళ్ళకి చేనేత బట్టల కొట్టుంది. దుర్గాశంకర్ రెండు దాటితేగానీ భోజనానికి ఇంటికి రాడు. ఇప్పుడింకా పన్నెండు కాలేదు. కొట్టు పనివాళ్ళకి వదిలేసి, ఎండలో బండి మీద పరిగెత్తుకొచ్చాడు.

"ఎవరండీ? ఏం రాసింది?"

"ఇంకెవరు! మన సింధూరి! మద్రాసు నుంచి ఇప్పుడే ఫోనొచ్చింది. 'మీ అమ్మాయి సీటు వద్దని మెయిల్ పెట్టింది, ఇంట్లో పెద్దవాళ్ళకి తెలుసా' అని వాళ్ళడుగుతుంటే నాకు నోట మాట రాలేదనుకో! శుక్రవారం సాయంత్రం దాకా ఆగుతారట. ఆ తర్వాత వేరేవాళ్ళకిచ్చేస్తారట!"

కనకలక్ష్మి స్టవ్ కట్టేసి, పక్కనే ఉన్న స్టూలు మీద మెల్లగా కూర్చుంది. మే నెలలో ఆమెకి గర్భసంచి తీసేశారు. ఎక్కువసేపు నిలబడొద్దని డాక్టరు చెప్పింది. ఆ సీటు కోసం ఈ ఇల్లు ఎంత ఎదురుచూసిందో! పాటలు రాయడం, బాణీ కట్టడం, వాటిని రికార్డు చేయడం, అన్నీ కలిపి నాలుగేళ్ళ డిగ్రీ. ఏప్రిల్‌లో మూడు రోజులు అక్కడే ఉంచుకుని పిల్లల్ని పరీక్షించారు. దుర్గాశంకర్ చెల్లెల్ని స్వయంగా తీసుకెళ్ళాడు. సీటొచ్చిన రోజున కొట్టుకొచ్చిన ప్రతి మనిషి చేతిలోనూ ఒక లడ్డు పెట్టి, "మా చెల్లెలు పాటల రచయిత్రి అవుతోందండీ" అని చెప్పుకున్నాడు!

"సింధూ!" అని పిలిచింది కనకలక్ష్మి.

గదిలోంచి సింధూరి వచ్చింది. పద్దెనిమిదేళ్ళ పిల్ల. అన్న ముఖం చూడగానే సంగతి అర్థమైపోయింది.

"నేనే చెబుదామనుకున్నాను అన్నయ్యా..."

"ఎప్పుడు? వాళ్ళు సీటు ఇంకొకరికి ఇచ్చేశాకా?"

"నాకు ఇక్కడ డిగ్రీ సీటొచ్చింది. ఆడపిల్లల కాలేజీలో. బీఏ తెలుగు. సంగీతం మైనర్‌గా తీసుకోవచ్చని అక్కడ తెలుగు చెప్పే రాజ్యలక్ష్మి మేడమ్ చెప్పారు."

"బీఏ తెలుగా!" దుర్గాశంకర్ తల పట్టుకున్నాడు. "పాటలు రాయడమనే పేరు పెట్టి అక్కడ డిగ్రీ ఇస్తామంటుంటే, దాన్ని వదిలేసి బీఏ తెలుగా! తెలుగు మనింట్లో లేదూ? మీ వదిన పొద్దుట్నుంచీ మాట్లాడేది ఏమిటి మరి?"

సింధూరి ఏదో చెప్పబోయింది. వసారాలో పడక్కుర్చీలో ఉన్న తండ్రి వీరభద్రయ్య దగ్గుతూ లేచి లోపలికొచ్చాడు. చల్లపల్లి దగ్గర నలభై ఏళ్ళు మగ్గం నేసిన మనిషి. కొడుకు కొట్టు పెట్టాక ఇక్కడికొచ్చి ఉంటున్నాడు. "ఏమైందిరా? అమ్మాయినెందుకు కేకలేస్తున్నావు?" అంటూనే ఆయన కళ్ళు చెమర్చాయి. అది చూసి సింధూరి నోట్లో మాట నోట్లోనే మింగేసుకుంది. "నాకు ఇక్కడే బావుంటుంది" అని మాత్రం అని గదిలోకి వెళ్ళిపోయింది.

*ఇక్కడే బావుంటుంది!*

ఆ మాట కనకలక్ష్మి గుండెల్లో ముల్లులా దిగింది. ఎందుకు బావుంటుందో ఆమెకి తెలియదా? ఆసుపత్రి నుంచి వచ్చాక ఆరు వారాల పాటు ఆ పిల్ల ఆమెని మంచం దిగనివ్వలేదు. ఒళ్ళు తుడిచింది, తల దువ్వింది, గంజి చల్లార్చి తాగించింది. ఒకరోజు కనకలక్ష్మి గోడవైపు తిరిగి ఏడుస్తుంటే, ఎందుకని అడక్కుండా వీపు మీద చెయ్యేసి అలాగే కూర్చుంది! పిల్లలు పుడతారేమోనని పధ్నాలుగేళ్ళు ఎదురుచూసిన మనిషికి ఆ ఆశ కూడా కోసి పక్కన పెట్టేస్తే ఎలా ఉంటుందో పద్దెనిమిదేళ్ళ పిల్లకి ఎలా తెలిసిందో...

కనకలక్ష్మి ఈ ఇంటికి కోడలుగా వచ్చేనాటికి అత్తగారు పోయి నాలుగు నెలలు. అన్నకీ చెల్లెలికీ ఇరవయ్యేళ్ళ తేడా. నాలుగేళ్ళ సింధూరి కొత్త పెళ్ళికూతురి కొంగు పట్టుకుని వదల్లేదు. పెళ్ళైన రెండు నెలలకి కనకలక్ష్మికి అంగలూరులో టీచర్ ట్రైనింగ్ సీటొచ్చింది. చేరమనే అన్నారు ఇంట్లో. పెట్టె కూడా సర్దుకుంది. బయల్దేరే రోజు పొద్దున పిల్లకి ఒళ్ళు కాలిపోయే జ్వరం! "వదినా, నువ్వు కూడా పోతావా?" అని అడిగింది. అమ్మ పోయినట్టే పోతావా అని! కనకలక్ష్మి పెట్టె విప్పేసింది. ఆ తర్వాత ఆ సీటు గురించి ఆమె ఎవరి దగ్గరా ఎత్తలేదు. కానీ బడి ముందునుంచి వెళ్ళినప్పుడల్లా, పిల్లలు ఎక్కాలు చదివే చప్పుడు వినిపించినప్పుడల్లా, ఓ క్షణం నడక ఆగేది...

'నేను మానుకున్నాను, అది నా ఇష్టం. కానీ నా కోసం ఈ పిల్ల మానుకుంటే? పదేళ్ళ తర్వాత అది కూడా ఏ పాట వినిపించినా ఇలాగే నడక ఆపుకుని నిలబడుతుందా? వద్దు దేవుడా! బతిమాలితే వెళ్ళదు. ప్రేమతో చెబితే అసలే వెళ్ళదు. దీన్ని ఈ ఇంట్లోంచి కదిలించాలంటే ఒక్కటే దారి...'

మర్నాడు పొద్దున దుర్గాశంకర్ కొట్టుకెళ్ళాక కనకలక్ష్మి, మావిడాకు పచ్చ చీర మడత పెడుతున్న సింధూరి దగ్గరికి వెళ్ళి నిలబడింది. ముఖంలోకి చూడలేక చీర అంచుని చూస్తూ మాట్లాడింది.

"మద్రాసు వెళ్ళు సింధూ."

"వదినా, అది కాదు, నేను చెప్పేది ఒకసారి..."

"ఏం వినాలి? పధ్నాలుగేళ్ళు విన్నాను! నీ జ్వరాలు, నీ పరీక్షలు, నీ అలకలు... ఇంకా ఎన్నాళ్ళు? నా ఇల్లు నాకు కావాలి. ఇప్పటికైనా నేనూ మీ అన్నయ్యా మా బతుకు మేం బతకాలని ఉండదా? నువ్వేమన్నా నా కడుపున పుట్టావా, జీవితాంతం మోయడానికి?"

అనేసింది! వసారాలో వీరభద్రయ్య చదువుతున్న పేపరు చప్పుడు ఆగిపోయింది. సింధూరి ఏడవలేదు. ఏడ్చినా బావుండేది! చీర చివరి మడత సరిగ్గా వేసి, చేత్తో రెండుసార్లు నిమిరి, అల్మారాలో పెట్టింది.

"సరే వదినా. వెళతాను" అంది. అంతే.

కనకలక్ష్మి పెరట్లోకి వెళ్ళి, కొళాయి విప్పి, ఆ నీళ్ళ చప్పుడులో ఏడ్చింది.

అనుకున్నది జరిగింది. కానీ ఏ కోశానా ఊరట లేదు. ఏడుపు తగ్గాక కోపమొచ్చింది. తన మీద కాదు, ఆ రాజ్యలక్ష్మి మేడమ్ ఎవరో, ఆవిడ మీద! 'ఆవిడ ఆ మాట చెప్పకపోతే పిల్లకి ఈ ఆలోచనే వచ్చేది కాదు. నా నోటితో నేను ఇంత పాపిష్టి మాట అనాల్సి వచ్చేది కాదు.' ఆ మేడమ్‌కి ఓ మాట గట్టిగా చెప్పి వద్దామని, పెరటి గుమ్మంలోంచే బయటపడి, బెంజ్ సర్కిల్ దగ్గర షేర్ ఆటో ఎక్కింది. ఆపరేషనయ్యాక ఒంటరిగా గడప దాటడం అదే మొదటిసారి.

తెలుగు డిపార్ట్‌మెంటు మేడ మీద ఉంది. మెట్లన్నీ ఆగి ఆగి ఎక్కింది. నూలుచీర కట్టుకుని, కళ్ళజోడు ముక్కు చివరికి దించుకుని జవాబు పత్రాలు దిద్దుతున్న యాభై ఏళ్ళావిడ తలెత్తి చూసింది.

"రాజ్యలక్ష్మి గారంటే మీరేనాండీ? నేను సింధూరి..."

"కనకలక్ష్మి గారా!" ఆవిడ కుర్చీలోంచి లేచింది. "కూర్చోండి, కూర్చోండి. అయ్యో, ఆపరేషనైన మనిషి ఇన్ని మెట్లెక్కారా!"

దెబ్బలాడదామని వచ్చిన కనకలక్ష్మి ఆవిడ అందించిన గ్లాసు తీసుకుంది. మంచినీళ్ళు తాగి, చెప్పాలనుకున్నది చెప్పేసింది. "పిల్ల నా కోసం చదువు పాడుచేసుకుంటోంది మేడమ్. మీరు దానికి వత్తాసు పలకొద్దు. చేతులు జోడించి అడుగుతున్నాను!"

రాజ్యలక్ష్మి కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. "నేనూ మద్రాసే వెళ్ళమన్నానండీ. మా దగ్గర రికార్డింగ్ గది లేదు. పాటలు రాయడమనే సబ్జెక్టూ లేదు. ఛందస్సుంటుంది, వ్యాకరణం ఉంటుంది, పాతకాలం కావ్యాలుంటాయి, జానపద సాహిత్యం ఉంటుంది. ఇవి చదివినంత మాత్రాన పాట వస్తుందని నేను మాటివ్వలేనమ్మా అని మొదటి రోజే చెప్పాను. అయినా మూడుసార్లు వచ్చింది మీ అమ్మాయి."

"ఎందుకండీ మరి?"

"మొదటిసారి ఒక పాట తెచ్చింది. 'నీ కళ్ళ సముద్రంలో నా గుండె ఓ నావ' అని మొదలవుతుంది. మద్రాసులో ఆ పాటే పాడిందట. బాణీ చాలా బావుందన్నారట వాళ్ళు. అర్థమేమిటో ఇంగ్లీషులో చెప్పమంటే చెప్పిందట. నాతో ఏమందో తెలుసా? 'ఇంగ్లీషులో చెప్పాక అందులో ఏమీ మిగల్లేదు మేడమ్. తెలుగులోనూ ఏమీ లేదని అప్పుడే తెలిసింది' అంది! పద్దెనిమిదేళ్ళ పిల్ల తన పాట గురించి అలా అనడం నేనింతవరకూ వినలేదండీ."

కనకలక్ష్మి గ్లాసు బల్ల మీద పెట్టేసింది.

"సముద్రం ఎప్పుడైనా చూశావా అమ్మా అని అడిగాను. మంగినపూడిలో ఒక్కసారి చూశానంది. ఏం గుర్తుందంటే, 'మా వదిన చీర కుచ్చిళ్ళు తడిసి, ఇసక అంటుకుని, బస్సులో ఇంటిదాకా గరగరలాడాయి' అంది. మరి అలాంటివి రాయవేమిటే అన్నాను. వారం పోయాక ఇది తెచ్చింది." ఆవిడ సొరుగులోంచి ఒక కాగితం తీసి ఇచ్చింది.

సింధూరి గుండ్రటి అక్షరాలు. కనకలక్ష్మి కళ్ళు తుడుచుకుని చదివింది.

*ఒక పాయ మా నాన్నంట*
*ఒక పాయ మా అన్నంట*
*నడిమి పాయ నేనంట*
*నువ్వెక్కడే వదినా అంటే...*
*పాయల్లో నేను లేనే పిల్లా,*
*పట్టుకున్న వేళ్ళు నావంట!*

"ఆఖరి రెండు ముక్కలూ ఎవరివే అని అడిగాను. 'మా వదినవి మేడమ్. చిన్నప్పుడు నాకు జడేస్తూ అంది. నేనెంత తన్నుకున్నా రాని మాట ఆవిడకి ఊరికే వచ్చేస్తుంది. అలాంటి మాటలు ఇంకా ఎవరెవరు అన్నారో, ఎలా అన్నారో నాకు తెలియాలి. అందుకే మీ దగ్గర చదువుకుంటాను' అంది. అప్పుడిక నేను కాదనలేకపోయానండీ..."

కనకలక్ష్మికి ఎంత గుర్తు చేసుకున్నా ఆ మాట ఎప్పుడన్నదో గుర్తు రాలేదు. ఎప్పుడో ఏ బడి వేళకో, జడ వేయించుకోనని పిల్ల మారాం చేస్తుంటే, ఊరికే అనేసి ఉంటుంది! అనేసి మరిచిపోయిన మాటని ఆ పిల్ల ఇన్నేళ్ళూ దాచుకుంది. మరి ఈ పొద్దున అన్న మాట? అది కూడా దాచుకుంటుందా? బతికినన్నాళ్ళూ దాచుకుంటుందా! ఆ ఆలోచన రాగానే ఆమె చప్పున లేచింది. "వస్తానండీ" అని కూడా సరిగ్గా చెప్పలేకపోయింది.

ఇంటికొచ్చేసరికి వీరభద్రయ్య వసారాలోనే నిలబడి ఉన్నాడు. ఎక్కడికెళ్ళావని అడగలేదు. "అమ్మా కనకం, నువ్వన్న మాట నేను విన్నాను. ఎందుకన్నావో కూడా నాకు తెలుసు. కానీ దానికి తెలీదమ్మా" అన్నాడు మెల్లగా.

గదిలో మంచం మీద సూట్‌కేసు తెరిచి ఉంది. సింధూరి బట్టలు సర్దుతోంది. వెనక్కి తిరక్కుండానే అంది. "మద్రాసు వాళ్ళకి వస్తున్నానని మెయిల్ పెట్టేశాను వదినా. ఆదివారం వెళ్ళిపోతాను."

కనకలక్ష్మి వెళ్ళి ఆ సూట్‌కేసు పక్కనే కూలబడింది.

"నేను రాజ్యలక్ష్మి గారి దగ్గరికి వెళ్ళొచ్చాను సింధూ."

సింధూరి చేతులు ఆగిపోయాయి.

"పాట చూశాను... నువ్వు నా కోసం ఆగిపోతున్నావనుకున్నానమ్మా! మంచం పట్టిన దాన్ని వదిలి వెళ్ళలేక వద్దనుకున్నావనుకున్నా. నా మీద విరక్తి పుడితేనైనా వెళతావని... అందుకే అలా అన్నాను. నా నాలుక పడిపోనూ!"

"ఇంకే మాటా దొరకలేదా వదినా?" ఇప్పుడు వచ్చింది ఏడుపు! పొద్దుట్నుంచీ బిగపట్టుకున్నదంతా ఒక్కసారిగా వచ్చింది. "తిట్టాల్సింది! కొట్టాల్సింది! నన్ను పంపించడానికి నీకు ఆ మాటే దొరికిందా? నేను నీ కడుపున పుట్టలేదని నాకు తెలీదా? ఇన్నేళ్ళలో ఒక్కసారైనా నాకది గుర్తు రానిచ్చావా నువ్వు? ఇవాళెందుకు గుర్తు చేశావు?"

కనకలక్ష్మి ఆ పిల్ల చెయ్యి పట్టుకోబోయింది. సింధూరి చెయ్యి వెనక్కి లాక్కుంది. చాలాసేపు ఇద్దరూ అలాగే, సూట్‌కేసుకి చెరోవైపు కూర్చుని ఏడ్చారు. చివరికి సింధూరే చున్నీతో ముఖం తుడుచుకుంది.

"అక్కడివాళ్ళు మంచివాళ్ళే వదినా. బాణీ కట్టడం, కంప్యూటర్లో వాయించడం, గొంతు రికార్డు చేయడం బాగా నేర్పుతారు. అవి నాకూ కావాలి. డిగ్రీ అయ్యాక అక్కడికే వెళతానేమో కూడా. కానీ నా దగ్గర మాటలు లేవు. అక్కడ మాటలు నేర్పరు. అవి నా దగ్గర ముందే ఉన్నాయనుకుంటారు."

"నా మీద ఒట్టేసి చెప్పు. ఇందులో నా కోసం ఏమీ లేదా?"

సింధూరి అబద్ధమాడదామా అని ఒక్క క్షణం ఆలోచించినట్టుంది.

"ఉంది. కొంచెం ఉంది. నువ్వు మెట్లెక్కి వచ్చి ఆయాసపడుతుంటే వదిలి వెళ్ళాలనిపించదు. అది తప్పా? కానీ నా కోసం ఎక్కువుంది వదినా. అంగలూరు సీటు సంగతి నాన్న నాకు చెప్పారు. నువ్వు మానుకున్నప్పుడు ఎందుకని నిన్నెవరూ అడగలేదు, నువ్వూ ఎవరికీ చెప్పలేదు. నువ్వు మానుకున్నట్టు నేను మానుకోవట్లేదు. నాకు కావలసిందే ఎంచుకుంటున్నాను. అది ఇంటి పక్కనే దొరికితే నేనేం చేయను!"

ఆ చివరిమాట అంటూ ఏడుపులోనే నవ్వింది. ఆ నవ్వు చూసి కనకలక్ష్మికి గుండె మీంచి బండరాయి దించినట్టయింది. ఇన్నేళ్ళూ తన త్యాగం ఎవరికీ తెలియకూడదనుకుంది. తెలిసిందని ఇప్పుడు సిగ్గేసింది... తెలిసినందుకు ఎక్కడో లోపల చల్లగానూ ఉంది! ఈసారి ఆమె చెయ్యి చాపితే సింధూరి వెనక్కి లాక్కోలేదు. వదిన ఒళ్ళో తల పెట్టబోయి, ఆపరేషన్ గుర్తొచ్చి, భుజానికి ఆన్చుకుంది.

రెండింటికి భోజనానికొచ్చిన దుర్గాశంకర్‌కి సంగతంతా చెప్పారు. "నిన్న వద్దని రాశావు, పొద్దున వస్తానని రాశావు, ఇప్పుడు మళ్ళీ వద్దంటావా? ఆ మద్రాసు వాళ్ళు మన ఇంటిని గురించి ఏమనుకుంటారే తల్లీ!" అని అన్నం ముందు కూర్చుని నెత్తి కొట్టుకున్నాడు. కానీ పెరుగన్నం దాకా వచ్చేసరికి మెత్తబడ్డాడు. "మెయిల్ కాదు, నేనే ఫోన్ చేసి మర్యాదగా చెబుతానులే" అన్నాడు. తర్వాత చెయ్యి కడుక్కుంటూ, ఎటో చూస్తూ, "నువ్వు వెళ్ళిపోతే ఇల్లు ఎలా ఉంటుందో అని నేనూ దిగులుపడ్డానే. చెబితే నువ్వు ఆగిపోతావని చెప్పలేదు" అన్నాడు. అన్నంలో నెయ్యి వేస్తున్న కనకలక్ష్మి, ముద్ద కలుపుకుంటున్న వీరభద్రయ్య, ఇద్దరూ తలెత్తి అతన్ని చూశారు.

సోమవారం కాలేజీలో చేరాల్సిన రోజు. కనకలక్ష్మి రానంది. 'అంత మాటన్న దాన్ని, ఏ ముఖం పెట్టుకుని వెళ్ళను' అనుకుంది. సింధూరి వినలేదు. అల్మారాలోంచి చీర తనే తీసి ఇచ్చింది. "నువ్వు రాకపోతే నేను చేరను" అంది. కాలేజీ కౌంటర్ దగ్గర తల్లులూ తండ్రులూ బారులు తీరి ఉన్నారు. వాళ్ళ వంతు వచ్చాక గుమస్తా సర్టిఫికెట్లు ఒక్కొక్కటే చూసి, ఒక చోట ఆగాడు.

"తల్లి లేరన్నమాట... మరి మీరు అమ్మాయికి ఏమవుతారండీ?"

కనకలక్ష్మి కొంగు సవరించుకుంది. ఏమవుతుంది తను? నాలుగు రోజుల క్రితం అయితే తడుముకోకుండా చెప్పేది. ఇప్పుడు ఆ మాట అనే హక్కు తనకుందా... వెనక నిలబడ్డ ఆడవాళ్ళంతా తనవైపే చూస్తున్నట్టనిపించింది.

"మా వదినండీ!" అంది సింధూరి.

అమ్మ అనలేదు. అమ్మలాంటిదని కూడా అనలేదు. వదిన అంది, గట్టిగా, అవతలి కౌంటర్ దాకా వినపడేట్టు! గుమస్తా తలూపి, సంతకం ఎక్కడ పెట్టాలో చూపించాడు. కనకలక్ష్మి తన పేరు పూర్తిగా రాసింది.

బయటికొచ్చి ఆటో కోసం నిలబడ్డప్పుడు సింధూరి ఆమె చెయ్యి పట్టుకుని నెమ్మదిగా అంది.

"లోపల అమ్మ అని చెప్పేద్దామనుకున్నాను వదినా. కానీ అందరికీ అమ్మలున్నారు. అక్కడ నిలబడ్డ వాళ్ళందరికీ ఉన్నారు. నీలాంటి వదిన నాకొక్కదానికే ఉంది. చెబితే అదే చెప్పాలనిపించింది."

మాటలన్నీ ఊరికే వచ్చే కనకలక్ష్మికి ఆ ఒక్క క్షణం ఏ మాటా రాలేదు. పిల్ల చేతిలోని సర్టిఫికెట్ల ఫైలు తీసుకుని, ఎండ తగలకుండా దాని తల మీద అడ్డంగా పట్టుకుని, అలాగే నిలబడింది.